కంగ్టి దాకా వినిపించిన గంట

దయ్యాలు, గాలి, ధూళి లాంటి మాటలంటే నాకు మొదటి నుంచీ చిరాకు. నారాయణఖేడ్‌లో ఒక చిన్న ల్యాబ్‌లో పద్దెనిమిదేళ్లుగా రక్త పరీక్షలు చేస్తున్నాను. ఒకసారి బోరంచ నల్లపోచమ్మ గుడికి పోయినప్పుడు మా ఆడబిడ్డకు పూనకం వచ్చింది. అందరూ దండాలు పెడుతుంటే నేను మాత్రం "వదినా, రేపు ల్యాబ్‌కు రా, నీ ఒంట్లె రక్తం ఎంతుందో చూద్దాం" అన్నాను. ఆమె ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు.

ఇదంతా ఎందుకంటే, కింద రాసింది చదివి నన్ను పిరికిదాన్ననో, అన్నీ నమ్మేదాన్ననో అనుకోవద్దని. జరిగింది జరిగినట్టు రాస్తాను. పేర్లు మాత్రం మార్చాను.

నాకున్న ఒకే ఒక్క పిచ్చి గడియారాలు. ఆరేళ్ల కింద మా అత్తమ్మ టైంపీసు ఆగిపోతే ఊరికే విప్పి చూశాను. మళ్లీ బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి గానీ గడియారం నడిచింది. ఇక ఆ గర్వం తలకెక్కింది. ఫోన్‌లో వీడియోలు చూసి ఒక్కొక్కటీ నేర్చుకున్నాను. వెనక గదిలో బల్ల మొత్తం నాదే. పట్టకార్లు, కంటికి పెట్టుకునే భూతద్దం, సన్నటి స్క్రూడ్రైవర్లు, నూనె సీసా. మా ఆయన ఆ గదిని దవాఖాన అంటాడు. ఆదివారం వస్తే నేను అందులోనే.

బసవరాజుకు కంగ్టిలో కిరాణా కొట్టు ఉంది. వాళ్లు కన్నడం వాళ్లు, తాతల కాలంలోనే ఇటు వచ్చి స్థిరపడ్డారు. వాళ్లమ్మను షుగర్ పరీక్షకు నెలనెలా మా ల్యాబ్‌కు తీసుకొచ్చేవాడు. ఆమెను అందరూ నీలమ్మవ్వ అనేవాళ్లు. షుగర్ వల్ల రెండు కళ్లూ పోయాయి. అయినా సూది గుచ్చేటప్పుడు "మెల్లగ గుచ్చు బిడ్డా, ఇది మనిషి వేలు, బెండకాయ గాదు" అని నన్నే నవ్వించేది.

కొడుకు కొట్టుకూ కోడలు చేనుకూ పోతే పగలంతా అవ్వ ఒక్కతే. ఆమెకు తోడు గోడ మీద ఉన్న పాత కీ గడియారం. గంటలు లెక్కపెట్టుకునే లేచేది, తినేది, గోళీలు వేసుకునేది. పొద్దున ఎనిమిదికి ఒక షుగర్ గోళీ, రాత్రి ఏడుకు ఒక గోళీ. రాత్రి గోళీల డబ్బాకు గుర్తు కోసం రబ్బరు బ్యాండు చుట్టుకుంది. ఎవరన్నా అందివ్వబోతే ఊరుకునేది కాదు. "నా గోళీలు నేనే ఏస్కుంట" అనేది. చూపు పోయిన మనిషికి ఆ ఒక్క మాట ఎంత విలువైనదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ గడియారమే ఒకరోజు ఆగిపోయింది. నా పిచ్చి సంగతి తెలిసిన బసవరాజు దాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చి నాకిచ్చాడు. "జల్దీ చేసియ్యి సుజాతక్కా, గడియారం లేకుంటె మా అవ్వ పరేషాన్ అయితుంది" అన్నాడు.

మొదటి ఆదివారం అంతా విప్పి కిరోసిన్‌లో కడిగాను. రెండో ఆదివారం బిగించాను. ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. ఇలాంటి గడియారాల్లో గంటలు లెక్కపెట్టే పళ్ల చక్రం ఒకటి వేరుగా ఉంటుంది. టైం ఎంతైనా దానికి సంబంధం లేదు. చేత్తో చిన్న మీటను ఎత్తితే వరుసలో తర్వాతి లెక్క కొట్టేస్తుంది. ఆరు కొట్టి ఆగి ఉంటే ఏడు, ఏడు కొట్టి ఉంటే ఎనిమిది. బాగు చేసేవాళ్లు ఎవరైనా అలా కొట్టించి చూస్తారు. చేయి తిరిగినవాళ్లు మోత రాకుండా ముందు లోపలి గంట సుత్తికి గుడ్డ చుడతారు. నా లాంటి ఇంటి మెకానిక్కులకు మాత్రం ఆ మోత వినడమే సంబరం.

ముళ్లు ఇంకా పెట్టలేదు. మీట ఎత్తాను. ఖంగుఖంగున ఏడు కొట్టింది. సుత్తి కాడ ఎక్కడో రాసుకుంటున్నట్టు అనిపించి అక్కడితో ఆపాను. ల్యాబ్ అలవాటు కొద్దీ చేసిన ప్రతి పనీ టైంతో సహా నోట్‌బుక్‌లో రాస్తాను. "2.40, ఒకసారి కొట్టించాను, ఏడు" అని రాసుకున్నాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

సాయంత్రం బసవరాజు ఫోన్ చేశాడు. అవ్వ మధ్యాహ్నం కునుకు తీసి లేచి, రాత్రి గోళీ అప్పుడే వేసుకుందట. ఇక కోడలు రొట్టె తెస్తుందని చూస్తూ కూర్చుందట. ఎవరు తెస్తారు? కోడలు చేను నుంచి వచ్చేసరికి షుగర్ పడిపోయి ఒళ్లంతా చెమటలు, మాట తడబాటు. చక్కెర నీళ్లు తాగించి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. ఇంకో అరగంట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని డాక్టర్ అన్నాడట.

"ఎందుకు ఏస్కున్నవే అంటె, ఏడు కొట్టింది గదరా అంటుంది అక్కా. గడియారం నీ ఇంట్ల ఉండె, గీడ ఎట్ల కొడ్తది?" అన్నాడు.

ఎన్నింటికి జరిగిందని అడిగాను. ఎదురింటామె వచ్చినప్పుడు అవ్వ గోళీ నోట్లో వేసుకుంటోందట. అప్పుడు మూడు కూడా కాలేదట.

మా ఇంటికీ కంగ్టికీ ఇరవై కిలోమీటర్ల పైనే. పక్క గదిలో ఉన్న మా అత్తమ్మ విని ఎవరికన్నా చెప్పిందా అంటే, చెవిలో చెప్పినా వినపడనంత చెవుడు ఆమెది. పొరపాటున నా ఫోన్ ఎవరికన్నా కలిసిందేమోనని చూశాను. ఆ పూట ఒక్క ఫోనూ లేదు. వాళ్ల వాడలో గంట కొట్టే గడియారం ఇంకెవరింట్లోనూ లేదు. ఆదివారం కాబట్టి బడి గంట కూడా కాదు. కలలో విన్నదేమోనని సర్దిచెప్పుకున్నాను.

కానీ మనసు ఆగలేదు. బుధవారం అన్నానికి ఇంటికొచ్చి, ఒకటిన్నరకు మళ్లీ మీట ఎత్తాను. ఎనిమిది కొట్టింది. ఐదు నిమిషాలు ఆగి, అవ్వ ఎలా ఉందో కనుక్కునే నెపంతో బసవరాజుకు ఫోన్ చేశాను. అతనూ అన్నానికి ఇంటికొచ్చి ఉన్నాడు. "ఇగో గిప్పుడే మల్ల మొదలువెట్టింది అక్కా. ఎనిమిది కొట్టిందంటుంది. నేను పక్కకే కూసున్న, ఏం మోత లేదు" అన్నాడు. విసుగు, భయం రెండూ ఉన్నాయి ఆ గొంతులో. గోళీల డబ్బాలు బీరువాలో పెట్టి తాళం వేశానన్నాడు.

నిజం చెప్పాలంటే నాకు ఏడుపొచ్చింది. నేను కొట్టించిన గంటకు ఒక మనిషి ప్రాణం మీదికొచ్చింది. అలా అనుకోవడమే నాకు సిగ్గుగా ఉంది, అనుకోకుండా ఉండలేకపోతున్నాను.

శనివారం పని ముగించాలని కూర్చున్నాను. ముళ్లకూ గంటలకూ లెక్క కలపాలంటే చాలాసార్లు కొట్టించక తప్పదు. ఈసారి పాత చీర ముక్క చింపి సుత్తికి దళసరిగా చుట్టాను. తలుపు మూశాను. మా ఆయన ఊళ్లో లేడు. చుట్టిన సంగతి ఎవరికీ చెప్పలేదు.

సోమవారం బసవరాజు అవ్వను ల్యాబ్‌కు తీసుకొచ్చాడు. బెంచీ మీద మనూరు నుంచి వచ్చిన ఇద్దరు పేషెంట్లున్నారు. మా కాంపౌండర్ కూడా అక్కడే ఉన్నాడు. బసవరాజు నా పక్కకు వచ్చి, అవ్వకు వినపడేటట్టే అడిగాడు. "అక్కా, నీకు ఎరుక ఉంటది. దిమాక్ ఖరాబైతె గిట్లనే మోతలు వినవడ్తయా? బీదర్‌ల మా అక్క తీస్కపోత అంటుంది. పిచ్చి డాక్టర్‌కు సూపిస్తదట."

అవ్వ గాలిలో తడుముకుంటూ నా మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే నా గాజులు చేతికి గుచ్చుకున్నాయి.

"నాకు పిచ్చి లేదు బిడ్డా. గడియారం నీ దగ్గర ఉంది. ఆదివారం నువ్వు ఏడు కొట్టినవా లేదా? బుధవారం ఎనిమిది. మొన్న ఏందో గుడ్డ సుట్టినవ్, దబ్ దబ్ అన్నది. నాకు ఎట్ల వినవడ్డదో నాకే తెల్వదు. నువ్వు కొట్టినవని గదొక్కటి చెప్పు వీనికి. నన్ను ఇంట్ల ఉండనిస్తడు."

గుడ్డ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఒక్క మాట చాలు. అవును బసవరాజూ, ఆ టైంకే నేను కొట్టించాను, నోట్‌బుక్‌లో రాసి ఉంది. అంతే చెప్పాలి. కానీ కాంపౌండర్ నా వైపే చూస్తున్నాడు. బెంచీ మీద వాళ్లు మాటలాపి వింటున్నారు. పూనకాలను ఎగతాళి చేసే సుజాత మేడమ్ ఇరవై కిలోమీటర్ల అవతలికి గంట వినిపించిందని ఒప్పుకుంటే, సాయంత్రానికల్లా ఖేడ్ అంతా తెలిసిపోతుంది.

"లేదవ్వా. నేనేం కొట్టించలే" అన్నాను.

అవ్వ నా చేయి వదిలేసింది. పరీక్షకు వేలు ముందుకు చాపింది. ఆ రోజు బెండకాయ మాట అనలేదు.

ఆ వారంలోనే ఆమెను బీదర్ తీసుకుపోయారు. గడియారం బాగైంది. నేనే పోయి కంగ్టిలో వాళ్లింటి గోడకు తగిలించి వచ్చాను. వినే మనిషి మాత్రం ఆ ఇంట్లో లేదు. అప్పుడప్పుడు బసవరాజు కనిపిస్తే అడిగేదాన్ని. "మంచిగనే ఉంది అక్కా. ఇప్పుడు మోతలు గీతలు ఏం అంటలేదు. ఏం అడుగుతలేదు గూడ. పెడ్తె తింటది" అనేవాడు. మందులు పనిచేశాయని అతని సంతోషం. బీదర్ పోయి ఆమె ముందు కూర్చుని నిజం చెప్పాలని ఎన్నో ఆదివారాలు అనుకున్నాను. ఎప్పటికప్పుడు ఏదో పని పడేది, లేదా నేనే కల్పించుకునేదాన్ని. వానాకాలంలో ఆమె చనిపోయిందని ఫోన్ వచ్చింది.

చదువుకున్నవాళ్లను ఇద్దరు ముగ్గురిని అడిగాను, పేర్లు చెప్పకుండా. కాకతాళీయం అన్నారు. ఏడు, ఎనిమిది అయితే కాకతాళీయం కావచ్చు. చీర గుడ్డ సంగతి ఎలా అవుతుంది?

బసవరాజు ఇది చదువుతాడో లేదో. చదివితే అతనికి ఇప్పుడైనా తెలియాలి. ఆ రోజు మీ అవ్వ చెప్పిన ప్రతి అక్షరం నిజం. ఆమెకు ఎలా వినిపించిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేనెందుకు అబద్ధమాడానో మాత్రం బాగా తెలుసు.