అవ్వ వెలిగించని పొయ్యి

మా చిన్నప్పుడు... మైపాడు దగ్గర మా ఊళ్ళో, ఒక సోమవారం సాయంత్రం. అవ్వ పొయ్యిలో బూడిద ఎత్తేసి, శుభ్రంగా అలికి, దాని మీద ఖాళీ చట్టి బోర్లించింది. "ఈ రాత్రికి వంట లేదు. పిల్లకాయలకు మధ్యాహ్నం అన్నం ఉండాది" అని తేల్చేసింది.

పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన ఏడాది అది. తిండిగింజలకు కరువు. సోమవారం రాత్రి ఒక్క పూట భోజనం మానుకోమని ప్రధానమంత్రి గారు దేశాన్ని అడిగారని అవ్వ పంచాయతీ రేడియోలో విని వచ్చింది.

అవ్వంటే మా నాన్నకు అమ్మ. పేరు దీనమ్మ... దీనంగా ఉండగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు!

మా క్రైస్తవుల ఇళ్ళల్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు దేవుడి పేరిట తీసి కుండలో వేసేవాళ్ళు. ఆదివారం గుడికి తీసుకెళ్ళేవాళ్ళు. అవ్వ ఆ కుండ పక్కనే ఇంకో కుండ పెట్టింది. సోమవారం రాత్రి మిగిలిన బియ్యం అందులోకి. "అది దేవుడిది, ఇది దేశానిది. రెండూ కలిపినారంటే చేతులు విరగ్గొడతా" అనేది. ఆ రెండో కుండ బియ్యం ఊళ్ళో కూలి దొరకని ఇళ్ళకు వెళ్ళేవి.

చిక్కెక్కడ వచ్చిందంటే... అది కార్తీక మాసం. ఊళ్ళో సగం మంది సోమవారాలు ఉపవాసాలుండేవాళ్ళు. మా ఇంట్లో పొగ లేకపోయేసరికి, "దీనమ్మ కూడా శివుడికి సోమవారాలు పట్టింది" అన్నారెవరో. ఆ మాట చిలవలు పలవలై మా పాస్టరు అయ్యగారి చెవిన పడింది.

మరుసటి సోమవారం పొద్దుగూకే వేళ ఆయన మా ఇంటికొచ్చారు. మెత్తని మనిషే పాపం.

"దీనమ్మా, సంఘంలో గుసగుసలు పోతుండాయి. ఈ సోమవారాలు మానుకో. లేదంటే వచ్చే ఆదివారం నిన్ను ప్రభువు బల్లకు రానీలేను" అన్నారు.

నెలకోసారి ఇచ్చే ఆ రొట్టె, ద్రాక్షారసం అంటే అవ్వకు ప్రాణం. తాత పోయిన నెలలో కూడా తప్పలేదు. ఆమె ముఖం పాలిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

అయినా లొంగలేదు.

"శుక్రవారం దేవుడి కోసం పస్తుంటా గదా అయ్యగారూ. సోమవారం దేశం కోసం ఉండగూడదా? మనది దొరల మతమని ఎంతమంది అనలా? ఈ మట్టిలోనే పుట్టినాం, దీని అన్నమే తింటుండాం. అడిగితే ఒక్క పూట ఇయ్యలేమా? మీరు బల్ల ఇయ్యకపోతే గుడి వాకిట్లో నిలబడి ప్రార్థన చేసుకుంటా. పొయ్యి మాత్రం ఎలిగించను."

దడి అవతల నక్షత్రం కోసం ఆకాశంలోకి చూస్తున్న పక్కింటి సుబ్బమ్మక్క ఇక ఆగలేకపోయింది.

"అయ్యగారూ! కార్తీక సోమవారమంటే పగలంతా పస్తుండి, చుక్క పొడిచినాక తింటాం. ఈమె మధ్యాహ్నం చేపల పులుసు పోసుకోని సుబ్బరంగా తినింది, నా కళ్ళతో చూసినా. ఇదేం సోమవారం? మా శివుడు ఒప్పుకోడు!"

అయ్యగారు కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్వారో! అవ్వ ఇచ్చిన మంచినీళ్ళు తాగి లేచారు. మా ఇంటికొచ్చిన పాస్టరు గారు అన్నం తినకుండా వెళ్ళడం అదే మొదలు.

ఆదివారం అవ్వ కళ్ళ నీళ్ళతో బల్ల తీసుకుంది. ఆ మరుసటి సోమవారం అయ్యగారింట్లోనూ పొయ్యి వెలగలేదు.

కార్తీకం అయిపోయాక సుబ్బమ్మక్క చేటెడు బియ్యం తెచ్చింది. "దీనమ్మా, నీ దేవుడి కుండ జోలికి నేను రాను. ఇది దేశానిదే గదా, నాకూ వాటా ఉండాది" అని రెండో కుండలో పోసింది.

ఇప్పుడు గ్యాసు పొయ్యి, బస్తాల కొద్దీ బియ్యం... ఈ దేశం ఎవరిదని పొద్దస్తమానం ఫోన్లలో కొట్లాటలు. ఒక్క పూట మానుకోమంటే ఎంతమందిమి మానుకుంటామో తెలియదు. నేనైతే ఈ వయసులోనూ సోమవారం రాత్రి పొయ్యి వెలిగించను. ఆ రెండో కుండ నా దగ్గరే ఉంది.

మీ ఇళ్ళల్లో అవ్వలు ఎవరెవరి పేరు మీద గుప్పెడు తీసిపెట్టేవాళ్ళు? చెప్పండి... నా కుండ పక్కన వాళ్ళ కుండలూ చూడాలనుంది.