తలుపు తీసి వండిన మా అత్త

మా అత్త ఇక లేదన్న కబురు ఎమ్మిగనూరు నుంచి పొద్దున బస్సులో, మేము ఇప్పుడుంటున్న ఆదోనికి వచ్చింది. మా మరిది తెచ్చాడు. నేను పొయ్యి ముందు ఉన్నాను. "వదినా, అమ్మను ప్రభువు పిల్సుకున్నాడు" అని గడప మీదే కూలబడ్డాడు. తలుపు తట్టాల్సిన పని అతనికి లేకపోయింది. వంట చేసేటప్పుడు నేను తలుపు మూయను. అది మా అత్త నేర్పిన అలవాటు. ఆ సంగతే మీతో చెప్పుకోవాలని కూర్చున్నాను.

మా వైపు ఎండాకాలం గాలి ఎట్లాంటిదో పడ్డవాళ్ళకే తెలుసు. రేగడి దుమ్ము లేచి వచ్చి సంగటిలో పడుతుంది, పళ్ళ కింద కరకరమంటుంది. కుక్కలు సరేసరి. "అత్తా, ఆ తలుపు కాస్త దగ్గరికెయ్యి, మన్ను తింటాండాం" అని నేను గొడవకు దిగేదాన్ని. "తిను. దేవుడు మనల్ని చేసింది మన్నుతోనే గదా" అని నవ్వేది. ఆమెతో వాదించి గెలిచిన మనిషి ఎమ్మిగనూరులో లేడు. నాకూ నోరు తక్కువేమీ కాదు, అయినా ఓడిపోయేదాన్ని.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె ఇట్లా కాదు, అందరిలాగే తలుపు వేసుకుని వండుకునేది. మారింది కరువులో.

మా క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. గింజలు విసరడానికి కూర్చున్నప్పుడు ముందుగా ఒక పిడికెడు తీసి దేవుని పేర పక్కన పెడతారు. ఆదివారం ఆ గింజలన్నీ తెచ్చి మా ఇంట్లో ఉన్న పెద్దకుండలో పోస్తారు. పంటల పండుగకు ఆ కుండ గుడికి కానుకగా వెళ్తుంది. కుండ తన ఇంట్లో ఉందని మా అత్తకు ఎంత గొప్పో! వచ్చినవాళ్ళకల్లా మూత తీసి చూపించేది.

ఆ కరువులో వానలు ముఖం చాటేశాయి. చేలల్లో కూలి లేదు. మగవాళ్ళు తుంగభద్ర కాలువ పనులకు పోయారు, మా ఆయన కూడా పోయాడు. నేను అప్పుడే ప్రసవించాను. ఇంట్లో గింజ లేదు, నా దగ్గర చంటిదానికి పాలు లేవు. అది ఏడ్చి ఏడ్చి చివరికి ఏడుపు మానేసింది. బిడ్డ నిద్రపోయిందని నేను అనుకున్నాను. మా అత్త దాని ముఖంలోకి చూసి భయపడింది.

కుండ దగ్గరికి వెళ్ళి మూత మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. ప్రార్థన చేస్తోందనుకున్నాను. తర్వాత తలుపు మూసి గడియ పెట్టింది. ఇసుర్రాయి కింద గోనెపట్టా పరిచింది, చప్పుడు వినబడకూడదని. దేవుని జొన్నలు విసిరి, గంజి కాచడానికి పొయ్యి మీద పెట్టింది.

గంజి ఉడుకుతుండగా బయట అలికిడైంది. పక్కింటావిడ, నాకు వరసకు చిన్నత్త. ఆమె ఇంట్లోనూ పిల్లలు పస్తే.

"ఏం వండుతాండావక్కా?" అంది తలుపు అవతలి నుంచి.

"ఏం లేదే. పాపకు నీళ్ళు కాగబెడతాండా" అంది మా అత్త.

అడుగుల చప్పుడు దూరమైంది. మా అత్త నా ముఖం చూడకుండా గంజి చేతికిచ్చింది. తాగాను. మర్నాటికి పాలు పడ్డాయి. బిడ్డ గుక్కపట్టి ఏడ్చింది. దాని గొంతు విని మా అత్త కూడా ఏడ్చింది. నేను సంతోషమనుకున్నాను.

ఆదివారం ఆమె కుండను నెత్తిన పెట్టుకుని గుడికి వచ్చింది. ఆరాధన మధ్యలో ముందుకు తెచ్చి దించింది. అందరూ వినేలా, "నేను దీంట్లోనుంచి దొంగతనంగా తీసినా. కోడలికి గంజి కాసినా" అంది.

మా పాస్టరు అయ్యగారు మంచి మనిషి. "ఆకలిగొన్నవాళ్ళు తింటే దేవుడు కోప్పడడమ్మా. బాలింతకే కదా పెట్టావు" అన్నాడు.

"అది నాకూ తెలుసయ్యగారూ. అడిగింటే దేవుడు ఇచ్చేటోడే. నేను అడగలా. తలుపేసుకున్నా. ఇదిగో, ఈ యమ్మ వాకిట్లోకొచ్చి అడిగితే అబద్ధం చెప్పినా. దాని బిడ్డలూ పస్తే గదా! సైతాను శోధన గింజల్లో లేదయ్యా, ఆ గడియలో ఉండాది. గడియ పెట్టింది నేనే."

అప్పుడు చిన్నత్త లేచింది. "ఇసుర్రాయి చప్పుడు నాకు ఇనపడలేదనుకుంటివా అక్కా? బాలింత తాగనీలే అని నేనే ఎనక్కి తిరిగినా. దానికింత ఏడుపెందుకు? కూసో" అంది. కసిరినట్టే అంది గానీ ఆమె కళ్ళూ తడిగానే ఉన్నాయి.

ఇక పంటల పండుగకు కానుకేముంటుందని ఒక సంఘపెద్ద సణిగాడు. అయ్యగారు వినిపించుకోలేదు. ఆ కుండలోని జొన్నలన్నీ ఆ పూటే గుడి ముందర గంజి కాయించి అందరికీ పోయించాడు. మా అత్త మొదటి గిన్నె తీసుకుపోయి చిన్నత్త పిల్లలకు ఇచ్చింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వంటవేళ తలుపు మూయలేదు. "ప్రభువు క్షమించినాడు గదా, ఇంకా ఎందుకత్తా ఈ దుమ్ము?" అని ఒకసారి అడిగాను. "క్షమించినాడు గాబట్టే తీసి పెడతాండా. భయముంటే మూసుకుందునమ్మీ" అంది. అయ్యగారి దగ్గర ఎన్నో ప్రసంగాలు విన్నాను. నాకు మనసులో నిలిచింది మాత్రం ఈ మాటే. తప్పు చేసిన ప్రతిసారీ ముందు దాన్ని దాచబోతాను, అప్పుడు ఆమె గుర్తొస్తుంది.

పోయిన ఏడాది ఆమెకు కడుపులో నొప్పి మొదలైంది. ఆదోని ఆసుపత్రిలో చూపించాం. నయమయ్యేది కాదన్నారు. ఇన్ని ప్రార్థనలు చేసిన మనిషికి ఇంత బాధేమిటని నేను దేవుని మీద కోపం తెచ్చుకున్నాను, ఆ మాట పైకే అన్నాను. "ఈ నొప్పి ఎందుకిచ్చినావని నేను అడగను. నొప్పొచ్చినప్పుడు పక్కన ఉండు సామీ అని అడుగుతా. ఉంటాడు. నువ్వు కూడా ఉండావు గదా" అని నా చెయ్యి పట్టుకుంది. నొప్పి ఎక్కువైనప్పుడు గట్టిగా అరిచేది, తిట్టేది కూడా. తగ్గాక సిగ్గుపడి నవ్వేది.

సమాధి దగ్గర మేమంతా తలా పిడికెడు మన్ను వేశాం. ఆ గంజితో పడిన పాలు తాగి బతికిన నా కూతురు, మా పాప కూడా వేసింది. ఆమె తప్పని ఒప్పుకున్న ఆ గంజికి నేను ఎంత రుణపడి ఉన్నానో దేవునికి తెలుసు. ఆ ఒప్పుకోలుకు ఇంకా ఎక్కువ రుణపడి ఉన్నాను.

మూడో రోజు ఎమ్మిగనూరు ఇంట్లో పొయ్యి వెలిగించాను. విసరడానికి చాటలో జొన్నలు పోసుకోగానే, నేను చెప్పకముందే పాప పిడికెడు తీసి కుండలో వేసింది. సంగటి ఉడుకుతుండగా గాలి లేచింది. దుమ్ముకు కళ్ళు మండి, ఈ ఒక్క పూటకైనా తలుపు వేద్దామని లేచాను.

వాకిట్లో చిన్నత్త నిలబడి ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

"ఏం వండుతాండావమ్మీ?" అంది.

"సంగటి, చిన్నత్తా. లోపలికి రా" అన్నాను.

వచ్చి మా అత్త పీట మీద కూర్చుంది. తలుపు అట్లాగే వదిలేశాను. పాపను మధ్యలో కూర్చోబెట్టుకుని, ఆ దుమ్ము పడిన సంగటే ముగ్గురం తిన్నాం.