సగం గీసిన గడ్డంతో

ఎక్స్‌రే భాయ్ పోయాడని మంగళవారం పొద్దున ఫోనొచ్చింది. ఫోను చేతిలో పట్టుకొనే ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి ఎన్నిసార్లు తిరిగానో తెలియదు. "జర కూసోరాదు" అంది నా భార్య. కూర్చోలేకపోయాను. ఇలా తిరగడానికి నాకు కాళ్లున్నాయంటే ఆయన పుణ్యమే. ఆ సంగతి గుర్తొచ్చి ఇంకా తిరిగాను.

మా ఆసిఫాబాద్‌ దవాఖానలో ఎక్స్‌రేలు తీసేవాడాయన. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. నేనేమో అప్పట్లో లారీల మీద పత్తి తొక్కేవాణ్ని. లారీ నిండేకొద్దీ పైనెక్కి తొక్కి అణచాలి. నిదానంగా తొక్కడం నా ఒంట్లో లేదు, ఎగిరెగిరి తొక్కేవాణ్ని. ఒకరోజు కాలు జారి తలకిందులుగా నేలమీద పడ్డాను. లేచాను, నడిచాను, కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. మెడ మాత్రం పట్టేసింది. మెడ పట్టేస్తే మా దగ్గర ఎక్కడికి పోతారు? కటింగ్ షాపుకే! దవడ కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి, అటు టక్కుమని, ఇటు టక్కుమని తిప్పితే అయిపోయె.

రెండు చేతులతో తల పట్టుకొని షాపులోకి పోయాను. వదిలితే తల జారిపోతుందేమోనని భయం. షాపాయన అప్పుడు భాయ్‌కి గడ్డం గీస్తున్నాడు. "ఒక్క నిమిషం భాయ్" అని కత్తి పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చాడు. భాయ్ అద్దంలో నన్ను చూశాడు.

"ముట్టకు ఆయనను!" అని ఒక్క అరుపు. "తమ్మీ, నువ్వు చేతులు తియ్యకు. గట్లనే పట్టుకో."

"మెడ పట్టింది భాయ్, గంతే" అన్నాను.

"మెడ పట్టినోడు మెడ పట్టుకుంటడు. తలకాయను గిట్ల మోసుకుంట రాడు."

ఒక చెంప మీద నురగతోనే లేచాడు. షాపు ముందున్న బల్ల లోపలికి తెప్పించాడు. తన అరచేతులు నా తలకు చెరోపక్క ఆనించి, చుట్టూ ఉన్నవాళ్లతో "మెడ నేను పట్టుకుంట, మనిషిని మీరు పట్టుండ్రి. అందరం ఒక్కసారే" అన్నాడు. నన్ను బల్ల మీదికి చేర్చి నలుగురు మోస్తుంటే పక్కనే వంగి నడుస్తూ దవాఖాన దాకా నా తల వదల్లేదు. బజారంతా చూస్తోంది. నాకు సిగ్గూ కోపమూ. "నడిచే మనిషిని పీనుగు లెక్క మోస్తరా!" అని తిట్టాను కూడా. ఆయన పట్టించుకోలేదు.

ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీశాడు. ఏమీ తేలలేదు. చూశావా అని నేను దిగబోయాను. "ఆగు, ఇంకొకటున్నది. నోరు తెరువు. పెద్ద ముద్ద పెట్టేటంత తెరువు" అన్నాడు. తెరిచిన నోట్లోంచి తీసిన ఆ ఫోటోలో దొరికింది, సన్నటి గీత.

"ఇసుర్రాయి సూసినవా?" అన్నాడు. "కింది రాయికి నడుమ మేకుంటది. పై రాయి దాని సుట్టు తిరుగుతది. మెడల పై రెండు ఎముకలు గట్లనే. నీ మేకు ఇరిగింది తమ్మీ. షాపాయన ఒక్క తిప్పు తిప్పితే ఊపిరి గూడ ఆగేది."

మళ్లీ రెండు చేతులతో తల పట్టుకున్నాను. డాక్టరు ఆ ఫోటో చూసి వెంటనే హైదరాబాద్ పంపించాడు. అక్కడ తల చుట్టూ ఇనుప రింగు పెట్టి, పుర్రెకు నాలుగు మరలు బిగించి, ఆ రింగును కడ్డీలతో ఛాతీ మీది జాకెట్టుకు కలిపేశారు. మూడు నెలలు అట్లాగే ఉండాలని చెప్పి ఇంటికి పంపారు. నా బోటివాడికి మూడు నెలలు! పడుకుంటే గుచ్చుకునేది, లేస్తే బరువు. పిచ్చెక్కేది. ఏడో వారంలో నా భార్యను పానా తెమ్మన్నాను, మరలు ఇప్పేస్తానని. ఆమె పానా దాచిపెట్టి భాయ్‌కి ఫోన్ చేసింది.

వచ్చాడు. తిడతాడనుకున్నాను. కాళ్లు ఊపుతూ కూర్చున్నాడు. ఆ రోజే తెలిసింది, ఆయనా నాలాగే కుదురులేని మనిషని.

"కొత్తగ నౌకరిల చేరినప్పుడు ఒకాయన వచ్చిండు" అన్నాడు. "చెట్టు మీదికెళ్లి పడ్డడు. రెండు ఫోటోలు తీసి ఏం లేదన్న. నడుచుకుంట ఇంటికి పోయిండు. తెల్లారి మంచంల లేవబోయిండు, గంతే. నోరు తెరిపియ్యలే నేను. గిప్పటిదాక నిద్రల నోరు తెరువు, నోరు తెరువు అంటనే ఉంటనట." లేచి, నా రింగును చేత్తో తడిమాడు. "నా కోసమన్న ఉంచుకో."

ఉంచుకున్నాను. ఎముక అతికింది. ఆ తర్వాత ఎప్పుడు ఎదురైనా "తిప్పు" అనేవాడు. అటూ ఇటూ తల తిప్పి చూపిస్తే నవ్వి పోయేవాడు. ఆయనకు థాంక్స్ అని ఎన్నడూ చెప్పలేదు. తల తిప్పడమే చెప్పడమనుకున్నాను. చాలదని ఇప్పుడనిపిస్తోంది.

ఖబరస్తాన్‌కి పోయాను. జనం వెనక నిలబడలేక తోసుకుంటూ ముందుకొచ్చాను. కింద సమాధిలో ఆయన కొడుకూ ఇంకో ఇద్దరూ చేతులు చాచి ఉన్నారు. పైనుంచి దించుతుంటే తెల్లగుడ్డలో ఆయన తల కొంచెం వెనక్కి వాలింది.

"మెడ! మెడ పట్టుండ్రి!" అని అరిచేశాను.

అందరూ నా వైపు తిరిగారు.  కింద నుంచి కొడుకు తలెత్తి చూశాడు.

"పట్టిన కాకా, ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఆ ముఖాన్ని మెల్లగా మక్కా దిక్కుకు, కిబ్లా వైపు తిప్పేదాకా మెడ కింది నుంచి అతను అరచెయ్యి తియ్యలేదు.