ఆరంగల పైచిలుకు

తడిసిన కొబ్బరి తాడు వాసన నాకు క్రిస్మస్ వాసన. మొన్న భవానీపురంలో మా బాల్కనీకి నక్షత్రం కడతానని మేనత్త కొడుకు జోసెఫ్ బావ తాడు పట్టుకొచ్చాడు. దారిలో చినుకులకు తడిసిందట. ఆ వాసన తగలగానే కంకిపాడులో మా కళ్ళం కళ్ళముందుకొచ్చింది.

డిసెంబరు వచ్చిందంటే ఇంట్లో అరిసెల పాకం, పెరట్లో కొత్తగడ్డి, నూర్పిళ్ళకు పేడతో అలికిన కళ్ళం, దాని నడుమ గుంజ, ఆ గుంజకు కట్టిన, మంచుకు తడిసిన కొబ్బరి తాడు పట్టుకుని తాతయ్య సున్నంతో గీసే రెండు వలయాలు. ఒక్క చుట్టు పరుగు. గెలిచినవాళ్ళు వెదురుగడకు నక్షత్రం కట్టాలి. పెద్దవాడని బావకు లోపలి వలయం, నాకు ఒక అంగ బయట గీసినది. ఒక అంగ బయటికి జరిపాం గనుక నన్ను ఒక అంగ ముందు నిలబెడితే సరిపోతుందని తాతయ్య తీర్పు. ఏటా చివరి మలుపులో ఓడిపోయేదాన్ని. బావ నిచ్చెన మీంచి వెక్కిరిస్తుంటే నా మూతి మూడు వంకరలు తిరిగేది.

ఏడో తరగతిలో టీచరుగారు వృత్తం పరిధి వ్యాసానికి మూడింతల పైచిలుకని చెప్పారు. వ్యాసంలో సగమే కదా తాతయ్య తాడు! అయితే చుట్టూ ఆరు తాళ్ళ పైచిలుకన్నమాట. ఆ ఏడాది పరుగుకు ముందే తాడు విప్పి లోపలి గీత వెంట పరుచుకుంటూ పోయాను. ఆరుసార్లు పరిచాక ఇంకా పావు తాడు మేర గీత మిగిలింది.

"చిన్న వలయానికి అంతేలేవే, పెద్దదాని లెక్క వేరు," అన్నాడు బావ. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! తాడు ఒక అంగ ఎక్కువ వదిలి బయటి గీత మీదా పరిచాను. మళ్ళీ ఆరు, మళ్ళీ పావు.

తాతయ్య తలపాగా తీసి బుర్ర గోక్కున్నాడు. "అయితే తాడు అంగ పెరిగితే చుట్టు ఆరంగల పైన పెరుగుద్దన్నమాట! ఇన్నేళ్ళూ నీకు అన్యాయం చేశానే. ఆరంగలు ముందుకెళ్ళి నిలబడమ్మా."

"ఆ పావు కూడా ఇవ్వు తాతయ్యా!"

ఇచ్చాడు. బావ రొప్పు వీపు వెనకే వినిపిస్తూ ఉంది గానీ, మనిషి మాత్రం నన్ను దాటలేదు. నిచ్చెనెక్కి నక్షత్రం కడుతూ ఊరు ఊరంతా వినేలా అరిచాను. అంత సంతోషం నా పెళ్ళిలో కూడా ఎరగను.

ఇప్పుడు కోత మిషన్లు చేలోనే గింజ రాలుస్తున్నాయి. కళ్ళం ఉన్నచోట ఇళ్ళ స్థలాల రాళ్ళు పాతారు. తాతయ్య లేడు. బావకూ నాకూ మోకాళ్ళు ఒకే రాగం తీస్తున్నాయి.

అయినా మొన్న నక్షత్రంతో స్టూలెక్కబోతున్న బావను ఆపాను. "ఆగు బావా, పరుగు పెట్టుకుందామా?"

"నీతో ఎందుకొచ్చిన గొడవే, పావంగ కూడా వదలవు," అని నవ్వుతూ తాడు నా చేతికిచ్చాడు.

నక్షత్రం నేనే కట్టాను.