నరసింగరావుగారి షట్‌డౌన్

నరసింగరావుగారు షట్‌డౌన్ తీసుకోకుండా, అంటే ముందు లైను ఆపించుకోకుండా, ఏ స్విచ్చూ ముట్టుకోరు. భిలాయి ఉక్కు ప్లాంటులో ముప్పై నాలుగేళ్లు కరెంటు పని చేసి ఆయన రిటైరయ్యారు గానీ, ఆ అలవాటు రిటైరవలేదు. ఇప్పుడాయనకు ప్లాంటంటే ఇంట్లో వైఫైయే. పాస్‌వర్డ్ మార్చాలన్నా రౌటర్‌కు ఎర్రట్యాగు కట్టాల్సిందే: "మనుషులు పనిలో ఉన్నారు. స్విచ్ వేయరాదు." ట్యాగు ఎవరి పేరున ఉంటే వారే విప్పాలి. విప్పి, "మనుషులందరూ బయటికొచ్చేసారు, లైను ఇవ్వొచ్చు" అని గట్టిగా చెప్పాలి. గదిలో పిల్లి తప్ప ఎవరూ లేకపోయినా సరే.

పైగా ఆ వైఫై పెత్తనమంతా ఆయన ఫోన్‌లోనే. కూరగాయల బజారు నుంచి కూడా నడిపిస్తారు.

"ఏటే సత్యవాణీ, టీవీ రెండు గంటల్నించి నడుస్తంది. ఏడెక్కిపోద్ది, ఆపు."

"అది టీవీయా, మీ ఫర్నేసా?" అంటుంది భార్య.

మేడ మీద వాటాలో ఉండే తమ్ముడి కూతురు శ్రుతికి ఇదంతా నవ్వులాటే, ఇంటర్వ్యూ రోజు వరకూ. పదకొండింటికి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ. ఇంతకు ముందు రెండుసార్లు మాట మధ్యలో లైను తెగి ఉద్యోగం చేజారింది.

పదిన్నరకు ఫోన్ చూసుకుంటే వైఫై లేదు. మెట్లు రెండేసి చొప్పున దిగి కిందకు పరిగెత్తింది. రౌటర్‌కు ఎర్రట్యాగు వేలాడుతోంది. ఆగిపోయిన టీవీ ముందు పెద్దమ్మ దిగాలుగా కూర్చుంది.

"పెదనాన్నేరీ?"

"పింఛను కాయితాలట్టుకుని పక్కూరు దుర్గ్‌లో బేంకుకి ఎల్లిపోనారు. దాన్ని ముట్టుకోకు తల్లీ, ఇల్లెగిరిపోయేలా అరుస్తారు."

పెదనాన్నకు ఫోన్ చేసింది. బిజీ. మళ్లీ బిజీ. పదీ నలభై. పదీ యాభై. ట్యాగు పీకేద్దామని చెయ్యి చాచింది, ధైర్యం చాలక వెనక్కి తీసుకుంది. ఇక ఏడుపొక్కటే తక్కువ అనగా ఫోన్ మోగింది.

"పెదనాన్నా! నెట్ ఎందుకు ఆపేసారు? ఇప్పుడు నా ఇంటర్వ్యూ ఏమైపోవాలి?"

"నీకు ఆపలేదమ్మా! టీవీకి, మీ పెద్దమ్మ ఫోనుకి, నీ ఫోనుకి షట్‌డౌన్ ఇచ్చాను. లైనంతా నీ లాప్‌టాప్‌కే. మధ్యాన్నం దాకా వీధిలో తీగలు ముట్టుకోవద్దని కేబుల్ భయ్యాకి ఇప్పటిదాకా చెప్తన్నాను. నువ్వు లాప్‌టాప్ తెరిసి చూసావేటి?"

చూడలేదు.

గంటసేపు జరిగిన ఇంటర్వ్యూలో ఒక్కసారి కూడా బొమ్మ ఆగలేదు, మాట తెగలేదు. శ్రుతి కిందకొచ్చి ట్యాగు తిప్పి చూసింది. వెనక పెదనాన్న గుండ్రటి దస్తూరీ: "పనిలో ఉన్న మనిషి: శ్రుతి."

ఆ చాదస్తం మీద ఆమెకు చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. వెంటనే ఫోన్ చేసింది.

"బ్యాంకు పనయిందా పెదనాన్నా?"

"ఎక్కడ! మూడుసార్లు పిలిచారట. నీ లైను తెగకుండా చూస్తా ఫోన్ మీంచి కన్ను తీస్తే కదా! రేపు మళ్లీ బ్యాంకుకొస్తాలే. ముందు ట్యాగు విప్పావా లేదా?"

శ్రుతి ట్యాగు విప్పి, వీధి చివరిదాకా వినబడేలా అరిచింది. "మనుషులందరూ బయటికొచ్చేసారు పెదనాన్నా! లైను ఇవ్వొచ్చు!"

టీవీ ఒక్కసారిగా మోగింది. పెద్దమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"ఈ ఉద్యోగం నీకే రావాలి తల్లీ. లేపోతే ఇంకో ఇంటర్వ్యూకి మళ్లీ టీవీ కట్టేస్తారు."