గ్రేసమ్మ టీచర్ ఆగిన చోటు

గాలి స్టేషన్ వైపు నుంచి వీచినప్పుడు, తిరుపతిలోకి వచ్చే రైలు కూత మూడో అంతస్తులోని నా గదిదాకా వినబడుతుంది. వినబడగానే నా వేలు దానంతటదే కీబోర్డు మీద స్పేస్ బార్ నొక్కేస్తుంది. జరుగుతున్న పని ఆగిపోతుంది. నిజానికి ఆపవలసిన అవసరమే లేదు. నా గదిలో మైకు లేదు, రికార్డింగూ లేదు. ఎవరెవరో ఎక్కడెక్కడో వాయించిన గిటారు ట్రాకులు నాకు ఫైళ్లుగా వస్తాయి. తాళం తప్పిన చోట్ల సరిచేసి పంపడమే నా పని. అయినా కూత వింటే వేలు ఊరుకోదు. దానికి ఆ అలవాటు నేర్పింది రేణిగుంటలో గ్రేసమ్మ టీచర్.

ఆమె రైల్వే గార్డు కూతురు. బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యాక, పట్టాలకు దగ్గర్లో ఉన్న తన ఇంటి ముందుగదిలో గోడలకు పాత కంబళ్లు వేలాడదీసి, ఒక చిన్న స్టూడియో నడిపేది. ఆదివారం చర్చిలో వాయించిన గిటారుతోనే సోమవారం వెంకన్న భజన పాటలకు వాయించేది. రైలు వస్తే రికార్డింగ్ ఆపాలి, పోయాక మళ్లీ మొదలుపెట్టాలి. మాది వడమాలపేట. కంప్యూటర్ డిగ్రీ చేసి, ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, ఎవరో చెబితే ఆమె గడప ఎక్కాను.

"పాట వచ్చునా?" అని అడిగింది.

"రాదు టీచర్."

"తాళం?"

"తెలీదు."

"సెవులుండాయి కదా. కూర్చో."

అలా చేరాను. ఆడపిల్లలందరినీ పిలిచినట్టే నన్నూ 'మే' అని పిలిచేది. గిటారు శబ్దం తెర మీద కొండల వరుసలా కనిపిస్తుందని, తీగను మీటిన ప్రతిసారీ ఒక శిఖరం లేస్తుందని, తాళానికి గుర్తుగా నిలువు గీతలుంటాయని, వాయించేవాళ్ల చెవిలో ఒక్కో గీతకు ఒక క్లిక్కు మోగుతుందని ఆమే చూపించింది. శిఖరం గీతకు వెనకబడితే, మీటడానికి కాస్త ముందు కోసి, ఆ ముక్కను ముందుకు జరిపి, అతుకు వినబడకుండా కలపాలి. వినడానికి సులభమే. చేతకావడానికి నాకు ఏడాది పైనే పట్టింది. తప్పు చేసినప్పుడు ఆమె తిట్టేది కాదు. ముక్కను మళ్లీ మళ్లీ వినిపించి, నా ముఖంలోకి చూస్తూ కూర్చునేది. తిట్టినా బాగుండేదనిపించేది.

ఆ వేసవిలో మునిరత్నం గారు వచ్చారు. పుత్తూరు పక్క మామిడి తోటలున్న మనిషి. కూతురు హేమ చేత అమ్మవారి పాటలు పాడించి, తమ ఊరి జాతరలో వినిపించాలని ఆయన ఆశ. హేమ గొంతు ముందే రికార్డు చేసేశాం. దానికి టీచర్ ఒక్కో పాటకూ గిటారు వాయిస్తూ వచ్చింది. సరిచేయడానికి కూర్చున్నప్పుడు, ఆమె మీటినవి గీతలకు వెనకబడి కనిపించాయి. ఎవరు వాయించినా కొన్ని వెనకబడతాయి కనుక మొదట పట్టించుకోకుండా జరిపేశాను. రెండో పాటకు అవి ఎక్కువయ్యాయి. మూడో పాటలో చరణం సగానికి వచ్చేసరికి ప్రతి వరుసా కుంటుతోంది. అనుమానం వచ్చి, అంతకు ముందటేడు ఆమె వాయించిన ఫైలు ఒకటి తెరిచి చూశాను. అందులో శిఖరాలన్నీ గీతల పక్కన బుద్ధిగా నిలబడి ఉన్నాయి.

అప్పుడు గుర్తొచ్చాయి మిగతావన్నీ. ఈ మధ్య ఆమె ఊరికే కూర్చున్నప్పుడు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఉంటోంది. టీ గ్లాసు ఎడమచేత్తో అందుకుంటోంది. ఇంట్లో ఒంటరి మనిషి. గమనించడానికి నేను తప్ప ఇంకెవరూ లేరు. చెప్పకుండా జరుపుకుంటూ పోతే పాటలు బాగానే ఉంటాయి, ఆమెకూ తెలియదు. అలా చేయబుద్ధి కాలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు ఫైళ్లూ పక్కపక్కన తెరిచి ఆమెను పిలిచాను. పాతది వినిపించాను. తర్వాత కొత్తది, నేను ఏమీ ముట్టుకోనిది.

"క్లిక్కు సౌండు తక్కువ పెట్టినావు. నాకు ఇనపడలే," అంది.

"క్లిక్కు ఎప్పుడూ పెట్టినంతే పెట్టినా టీచర్."

"అయితే నేను ముసిల్దాన్ని అయిపోయినా అంటావా?"

"అది కాదు టీచర్. కుడిచెయ్యి ఒకసారి డాక్టరుకు సూపించుకోండి."

ఆమె తెర వైపే చూసింది. కుడిచెయ్యి ఒడిలో ఉంది. బొటనవేలు సన్నగా కదులుతోంది. దాన్ని నేను చూడటం ఆమె చూసింది.

"ఇంటికి పో," అంది.

మర్నాడు వెళ్లాలో వద్దో తెలియలేదు. వెళ్లాను. తలుపుకు తాళం వేసి ఉంది. అరుగు మీద కూర్చుంటే ఎండ కాళ్ల మీదికి వచ్చింది. రైళ్లు వస్తున్నాయి, పోతున్నాయి. నిన్న నోరు మూసుకుని ఉంటే ఏం పోయేదని వందసార్లు అనుకున్నాను. చాలాసేపటికి తిరుపతి వైపు నుంచి ఆటో వచ్చి ఆగింది. టీచర్ దిగింది. చేతిలో మందుల కవరు.

"నరాల జబ్బంట," అంది, తాళం తీస్తూ. తాళంచెవి రెండుసార్లు పక్కకు జారింది. నేను అందుకోబోతే వద్దన్నట్టు మోచేత్తో ఆపింది. "పోయేది కాదంట. మాత్రలతో కొన్నాళ్లు లాక్కురావచ్చంట. లోపలికి రా మే. పని ఉండాది."

మునిరత్నం గారి దగ్గర ఆమె ఏమీ దాచలేదు. ఆయన తలవంచుకుని విని, నెమ్మదిగా అన్నారు. "తప్పుగా అనుకోవద్దు టీచరమ్మా. తిరుపతిలో ఇంకొకాయన వాయించేవాడు ఉండాడు. జాతర సూస్తే దగ్గిరికొచ్చేసింది."

"ఒక్క పాటే కదన్నా మిగిలిండేది. శుక్రవారం పొద్దున వాయిస్తా. నువ్వు కూడా వచ్చి ఇను. నచ్చకపోతే ఆయనకు నేనే ఫోన్ చేసి సెప్తా."

మాత్ర వేసుకున్నాక కొంతసేపటికి చెయ్యి మాట వినేది. ఆ పట్టు ఎంతసేపుంటుందో రోజుకో తీరు. శుక్రవారం ఆమె మాత్ర మింగి, గిటారు ఒళ్లో పెట్టుకుని, చెయ్యి కుదుటపడేదాకా కళ్లు మూసుకుని కూర్చుంది. "ఇప్పుడు," అంది. నేను రికార్డింగ్ మొదలుపెట్టానో లేదో, గూడ్సు బండి ఒకటి వచ్చి సిగ్నల్ దగ్గర, సరిగ్గా మా కిటికీకి ఎదురుగా ఆగిపోయింది. ఇంజను రొదకు కిటికీ రెక్కలు అదురుతున్నాయి. ఆపేశాను. బండి కదలదు. మునిరత్నం గారు గడియారం చూసుకుంటున్నారు, మధ్యమధ్యలో ఆమె చేతిని చూస్తున్నారు. నేనూ దాన్నే చూస్తున్నాను. మాత్ర బలం ఆ చేతిలోంచి కారిపోతున్నట్టే అనిపించింది. టీచర్ మాత్రం ఎవరినీ చూడలేదు. ఎడమచేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ, పెదవులతో పాట పల్లవి అనుకుంటూ ఉండిపోయింది.

బండి కదిలింది. చివరి పెట్టె చప్పుడు పూర్తిగా పోకముందే ఆమె తల ఊపింది. మొదటిసారి పల్లవిలోనే వేలు తడబడింది. "మళ్లీ," అంది. రెండోసారి పల్లవి దాటింది, మొదటి చరణం దాటింది. చివరి చరణంలో మణికట్టు వణకడం మొదలైంది. ఆపేస్తుందనుకున్నాను. ఆపలేదు. పళ్లు బిగించి, చివరి మీటు దాకా వాయించి, ఆ శబ్దం పూర్తిగా ఆరిపోయేదాకా కదలకుండా ఉండి, తర్వాత చేతిని కొంగు కింద దాచుకుంది.

మునిరత్నం గారు వరండాలోకి వెళ్లారు. నేను సరిచేయడం మొదలుపెట్టాను. టీచర్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. చివరి చరణంలో వెనకబడిన మొదటి ముక్కను పట్టుకోగానే "ఆగు" అంది.

"దాన్ని యాడికి లాగుతాండావు?"

"గీత మీదికి టీచర్. వెనకబడింది."

"వెనకబడలే. హేమ ఆడ ఊపిరి తీసుకుంటాంది, సరిగ్గా ఇను. ఆ పిల్ల కోసం ఆగినా. అది ముట్టుకోవద్దు."

విన్నాను. నిజమే. పాప ఊపిరి తీసుకుంటోంది, గిటారు ఆమె కోసం ఆగుతోంది. తర్వాతి ముక్క దగ్గర ఆపి ఆమె వైపు చూశాను. ఆమె కళ్లు మూసుకుని వింది.

"ఇది నేను ఆగింది కాదు. జబ్బు ఆపింది. జరుపు."

తెర మీద రెండూ ఒకేలా ఉన్నాయి. గీతకు రెండూ అంతే దూరం. అలా ఒక్కొక్కటే వింటూ, ఇది నాది, ఇది దానిది అని చెబుతూ పోయింది. నేను కోస్తూ, జరుపుతూ, వదిలేస్తూ పోయాను. చివర్లో ఒక చోట మూడుసార్లు వినిపించమంది. విన్నాక కళ్లు తెరిచింది. నేను తిరిగి చూశాను. ఆ ముఖంలో భయం చూడటం నాకు అదే మొదలు.

"తెలీలేదు మే," అంది. "నేనో, అదో."

"ఏం చేద్దాం టీచర్?"

"ఉండనీ," అంది. "అట్లే ఉండనీ."

మునిరత్నం గారిని పిలిచి పాట మొత్తం వినిపించాం. ఆయన హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టారు. "తిరుపతి ఆయప్పను పిలిచే పని లేదులే టీచరమ్మా," అన్నారు. జాతరలో ఆ పాటలు మైకుల్లో మోగాయి. టీచర్ వినడానికి వెళ్లలేదు. ఆ తర్వాత ఆమె మళ్లీ రికార్డింగుకు కూర్చోలేదు. స్టూడియో మూసేసి చిత్తూరులో చెల్లెలి ఇంటికి వెళ్లింది. వీలైన ఆదివారాల్లో వెళ్లి నేను చేసిన పనులు వినిపించేదాన్ని. మాట సన్నబడిపోయినా చెవి మాత్రం సన్నబడలేదు. రెండేళ్ల కిందట పోయింది.

ఇప్పుడు ఒక్క బటన్ నొక్కితే ట్రాకు మొత్తం గీతల మీదికి వచ్చి నిలబడుతుంది. చాలామంది అదే చేస్తారు. నేను చేయలేను. ఎంత వెనకబడిందో తెర మీద కనిపిస్తుంది, ఎందుకు వెనకబడిందో కనిపించదు. అందుకే వాయించిన మనిషికి ఫోన్ చేస్తాను. కొందరు విసుక్కుంటారు, కొందరు నవ్వుతారు. పోయిన వారం మదనపల్లె నుంచి ఒకాయన పంపిన ట్రాకులో రెండో చరణం మొత్తం వెనక్కి లాగుతోంది.

"అన్నా, ఆడ కావాలనే ఆగినారా?" అని అడిగాను.

"లేదమ్మా," అన్నాడు. "ఆ పొద్దు ఇంట్లో..." అని మొదలుపెట్టాడు.

నేను మౌసు మీంచి చెయ్యి తీసేసి వినడం మొదలుపెట్టాను.