'పకాలా' పుట్టిన వంటిల్లు

ఆ రోజుల్లో మనిషిని పేరుతో కాక తిండితో పిలవడం మా ఉక్కు కర్మాగారంలో గొప్ప చమత్కారం. తమిళుడైతే సాంబారు, బీహారీ అయితే వాళ్ళు తినే శనగల పిండి, సత్తు. తొంభైల మొదట్లో కొత్తగా ఉద్యోగంలో చేరి కూర్మన్నపాలెంలో గది తీసుకున్న నేను, గోదావరి జిల్లా నుంచి బట్టలకన్నా ఎక్కువగా హేతువాద సభల్లో నేర్చిన ఉపన్యాసాలు తెచ్చుకున్నాను. (వినేవాళ్ళు దొరకడమే తరువాయి.)

భోజనానికి ముందు అందరి కేరేజీలూ వేడి కోసం ఆవిరి గొట్టం మీద పెట్టడం మా షిఫ్టు ఆచారం. బరంపురం నుంచి వచ్చిన ఒడియా మిత్రుడొక్కడే తనది ఇచ్చేవాడు కాదు. ఒకరోజు క్రేన్ నడిపే గాజువాక బావ (అందరికీ బావే) దాని మూత లాగేశాడు. లోపల రాత్రి నీళ్ళు పోసి ఉంచిన అన్నం. వాళ్ళ భాషలో పఖాళ. "ఓలమ్మో, పకాలా! నీల్లలో మెతుకులు ఎతుక్కుంటన్నాడ్రా!" అన్నాడు బావ. ఆ పూటతో ఆ మనిషి పేరు పోయి పకాలా మిగిలింది. వారం తిరక్కుండా గేటు దగ్గర ఒడియా మాట్లాడే ప్రతి కూలీ పకాలా అయిపోయాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక జాతి మొత్తాన్ని గిన్నెలో కూరేస్తారా! టీ వేళ ఖాళీ డ్రమ్ము ఎక్కి దంచేశాను. ఫలితం అద్భుతం. అంతవరకు ఆ మాట మా షిఫ్టుకే తెలుసు. నా ఉపన్యాసంతో మూడు షిఫ్టులకూ తెలిసింది. ఒడియా మిత్రుడు చేతులు జోడించాడు. "దాదా, నా తరఫున ఇంకోసారి మాట్లాడితే ఉద్యోగం మానేసి ఊరెళ్ళిపోతాను." అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. మాతో తినడం మానేసి పంపుల గది వెనక ఒంటరిగా తినసాగాడు.

ఎండలు ముదిరాయి. ఒకనాడు కేరేజీలు గొట్టం మీద పెట్టే వంతు నాది. బావది అందుకోగానే క్రేన్ మీంచి కేక: "నాది పెట్టకు!"

"ఏం బావా?"

"పెట్టకంటే పెట్టకు! నీకేటి నొప్పి?"

నాలో హేతువాది మేల్కొన్నాడు. మూత తీశాను. నీళ్ళలో అన్నం, ఉల్లిపాయ, ఎండుచేప.

బావ దిగివచ్చాడు, తల మాత్రం ఎత్తలేదు. "ఎండలకి మాయమ్మ సద్దన్నమే కడతాది."

"మరి అతన్నెందుకన్నావయ్యా?" అని అరిచాను.

"మీ గోదారోలు నన్ననకముందే నాను ఆడ్ననేత్తే గొడవొదిలిపోద్దని!"

ఆ మాట పుట్టింది బరంపురంలో కాదు, గాజువాకలో, బావ సొంత వంటింట్లో, మా నవ్వుకు జడిసి. నా కోపం ఎటు తిరగాలో తెలియక అక్కడే నిలబడిపోయింది. కేకలు విని పంపుల గది వెనక నుంచి వచ్చిన ఒడియా మిత్రుడు మాత్రం ఆ గిన్నెలోకి చూసి మొదటిసారి పకపకా నవ్వాడు. తన కేరేజీ పక్కన పెట్టి కూర్చున్నాడు. "బావా, ఉల్లిపాయ సగం ఇవ్వు. పచ్చిమిర్చి నా దగ్గరుంది."

అతను ఊరెళ్ళలేదు. ఆ ఘనత నా ఉపన్యాసానిది కాదు, ఉల్లిపాయది.

ఇప్పుడు సీతమ్మధార డాక్టరు మంచిదన్నాడని మా ఆవిడ నాకూ చద్దన్నమే పెడుతోంది. తింటుంటే ఆ డ్రమ్మెక్కిన కుర్రాడు గుర్తొస్తాడు. ఎంత గొంతు, ఎంత నమ్మకం పాపం! ఎవరైనా ఎవరినైనా సాంబారు అంటే ఈనాటికీ ఒళ్ళు మండుతుంది. డ్రమ్ము కోసం అటూ ఇటూ చూస్తాను కూడా. మోకాళ్ళు ఒప్పుకోవు. అందుకని కుర్చీలోంచే అంటాను: "ముందు నీ కేరేజీ మూత తియ్యి నాయనా, చూద్దాం."